దుప్పటి కప్పిన వెంటిలేటర్

చరణ్ దగ్గుతున్నప్పుడు కాదు, దగ్గు ఆగినప్పుడు నాకు భయం వేసింది. నోరు తెరిచే ఉంది, శబ్దం రావడం లేదు. కళ్లు నన్నే చూస్తున్నాయి. పెదాల చుట్టూ నీలం కమ్ముతోంది. నేను లేచి వాడిని అందుకునేలోపే మా అత్త వాడి నడినెత్తిన తట్టి, "పొలమారిందిలే, వాళ్ల నాయన తలుచుకుంటాండాడు" అంది. ఆ మాట పూర్తయ్యేసరికి వాడు గట్టిగా ఊపిరి పీల్చి ఏడుపు అందుకున్నాడు. ఏడుపు వినగానే వసారాలో కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. వాడిని మాత్రం ఆ పూటంతా ఒళ్లోంచి దించలేదు.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వానలకు ముందు విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలుస్తారు. ఆ రోజు మా వసారాలో అదే పని. పక్కిళ్ల ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఒలుస్తుంటే మధ్యలో పొట్టు కుప్ప, దాని చుట్టూ పిల్లలు. చరణ్‌కు అప్పటికి రెండేళ్లు నిండలేదు. అత్త వాడి వెనకాలే తిరుగుతూ పెరుగన్నం తినిపిస్తోంది. అన్నం ముద్ద అడ్డం పడిందని అందరం అనుకున్నాం. వాడి నాన్న సురేంద్ర బోరు లారీ మీద బళ్లారి వైపు పనికి వెళ్లి ఉన్నాడు. సాయంత్రం ఫోన్ చేస్తే అత్త, "నువ్వు తలుచుకున్నంత పనికి బిడ్డ ఉక్కిరిబిక్కిరాయె, కొంచెం తక్కువ తలుచుకో" అని ఎగతాళి చేసింది.

మర్నాటి నుంచి దగ్గు. మామూలు దగ్గు కాదు, పడుకుంటే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. కళ్యాణదుర్గంలో పిల్లల డాక్టర్ ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి, "వీజ్ ఉంది. పొట్టు దుమ్ము పడటం లేదు" అన్నారు. నెబ్యులైజేషన్ పెట్టారు. తగ్గింది. ఇంటికి వచ్చాక మళ్లీ మొదలైంది. మళ్లీ నెబ్యులైజేషన్, మళ్లీ తగ్గడం. ఒలుపు పని అయిపోయింది, దుమ్ము పోయింది, దగ్గు పోలేదు. తర్వాత జ్వరం వచ్చింది. ఎక్స్-రేలో కుడివైపు నిమ్ము చేరిందన్నారు. ఇంజెక్షన్ల కోర్సు అయ్యేసరికి జ్వరం దిగింది. వాడు మళ్లీ నవ్వాడు, గోడ పట్టుకుని పరుగెత్తాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. పది రోజులైనా గడవకముందే అదే కుడివైపు, అదే నిమ్ము, ఇంకా ఎక్కువ జ్వరం.

ఇంట్లో ఎవరి మందు వాళ్లు చెప్పారు. అత్త దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. మా అమ్మ వామాకు రసం పంపింది. బీఎస్సీ చదివిన నేను ఫోన్‌లో ఆస్తమా గురించి చదివీ చదివీ నిద్ర పోగొట్టుకున్నాను. అందరం చూసింది ఎక్కడెక్కడో. పొట్టు కుప్పలో దుమ్ము కాక ఇంకేముందో ఎవరం చూడలేదు.

అనంతపురంలో చూపించినప్పుడు అక్కడి డాక్టర్ సరైన ప్రశ్నే అడిగారు. "ఏదైనా మింగాడా? గొంతులో ఏదైనా ఇరుక్కుందా? నాణెం, గుండీ, బొమ్మ ముక్క?" లేదని చెప్పాం. నేను, అత్త, పని మానుకుని వచ్చిన సురేంద్ర, ముగ్గురం ఒకే మాట మీద, గట్టిగా చెప్పాం. ఆయన అయినా అనుమానం పోక, "ఒక్క వైపే ఇలా పదేపదే రావడం నాకు నచ్చడం లేదు. బ్రాంకోస్కోపీ చేసి, అంటే ఊపిరి గొట్టంలోకి సన్నని స్కోప్ పంపి చూడాలి. ఇంత చిన్న పిల్లలకు వాడే స్కోప్ మా దగ్గర లేదు" అని, ఒక ట్రస్టు నడిపే పిల్లల ఆసుపత్రికి రాసిచ్చారు.

ఆ ఆసుపత్రి పేరు నేను ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆ ఒక్కదాని గురించే చెప్పినట్టు అవుతుంది. అలాంటివి మీ దగ్గర్లోనూ ఉంటాయి. దాతలు ఇచ్చే డబ్బుతో నడుస్తాయి, పేదవాళ్లను డబ్బు అడగవు, రోగి వెంట వచ్చినవాళ్లకు మధ్యాహ్నం అన్నం పెడతాయి. పెద్ద హంగు ఉండదు. మేము వెళ్లిన వార్డులో మొదట నా కంట పడింది ఫ్యాన్లు. ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరు, ఊరు. గోడ గడియారాల మీద పేర్లు. స్టీలు కుర్చీల వీపుల మీద పేర్లు. పడుకుని పైకి చూస్తే ఫలానావారి జ్ఞాపకార్థం అని గిర్రున తిరుగుతూ ఉంటుంది. కరెంటు పోతే తప్ప ఆ పేర్లు చదవడం కుదరదు.

అక్కడి డాక్టరమ్మ చరణ్ వీపు మీద కుడివైపు, ఎడమవైపు మార్చి మార్చి విన్నారు. తర్వాత వాడిని వదిలేసి మా అత్తను అడిగారు.

"ఇంట్లో ఏం పని చేస్తారమ్మా?"

"సేద్యం మేడమ్. మొన్న శెనక్కాయలు ఒలిచేది ఉండె."

"పిల్లోడు శెనక్కాయలు తిన్నాడా?"

అత్త నవ్వింది. "మా ఊర్లో తిననోళ్లు యాడుండారు మేడమ్? ఒలిచేతావ కూచుంటే నోట్లో ఏసుకోకుండా ఉంటారా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "దగ్గు మొదలైంది ఆ ఒలిచే రోజేనా?"

అత్త నవ్వు ముఖం మీదే ఆరిపోయింది. నన్ను చూసింది. నేను అప్పటికే ఏడుస్తున్నాను.

"నాణెం మింగినాడా అంటే లేదంటారు. శెనక్కాయ అడిగితే అందరూ తింటారు కదా అంటారు. ఈ జిల్లాకు వచ్చినాక నేను ఆ రెండో ప్రశ్న కూడా నేర్చుకున్నాను" అన్నారామె. కోపంగా అనలేదు. చాలాసార్లు చెప్పి అలసిపోయినట్టు అన్నారు. నాణెమైతే ఎక్స్-రేలో కనపడుతుందట, గింజ కనపడదట. ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న గింజ తడికి ఉబ్బుతుంది, దాని నూనెకు చుట్టూ కండ వాస్తుంది, దాని వెనకాల చీము చేరుతుంది. నాలుగైదేళ్లు వచ్చేదాకా పిల్లల చేతికి గింజ ఇవ్వకూడదని, పెట్టాలనుకుంటే మెత్తగా దంచి పెట్టాలని చెప్పారు.

మేము అబద్ధం చెప్పలేదు. వేరుశెనగ మాకు వస్తువు కాదు, అంతే. మంచం కింద ఉంటుంది, పిల్లల జేబుల్లో ఉంటుంది, ఊడిస్తే చీపురుకు వస్తుంది. మట్టి తిన్నాడా అని అడిగి ఉంటే ఆలోచించి చెప్పేవాళ్లం. గింజను తలుచుకునే అవసరం మాకెప్పుడూ రాలేదు.

వాడి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, కాస్త నిలబడేదాకా ఆగి బ్రాంకోస్కోపీ చేస్తామన్నారు. ఆక్సిజన్ పెట్టి వార్డులో ఉంచారు. పక్క మంచం మీద భవాని అనే పాప ఉండేది. ఐదేళ్లుంటాయేమో. విడపనకల్లు వైపు నుంచి వచ్చారు. తండ్రి గొర్రెలు మేపుతాడు, తల్లికి నెలలు నిండాయని ఇంట్లోనే ఉండిపోయింది. భవానికి రెండు వైపులా నిమ్ము. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే గలగలా మాట్లాడేది. సురేంద్ర మా పెద్దది హర్షితను తీసుకొచ్చిన రోజు ఆ ఇద్దరికీ క్షణంలో జత కుదిరింది.

"మా గొర్రెపిల్లకి నా పేరే పెట్టినాం" అంది భవాని.

"నీ పేరు దానికెందుకు?" అంది హర్షిత.

"ఒకసారి పిలిస్తే ఇద్దరం వస్తాం కదా. మా నాయనకి అరిచే పని తగ్గుతాది."

వాళ్ల నాయన మంచం పక్కన నేల మీద కూర్చుని, "అవునప్పా, గొర్రె ముందొస్తాది, ఇది తర్వాతొస్తాది" అన్నాడు. వార్డులో అందరం నవ్వాం. హర్షిత వెళ్లేటప్పుడు తన రబ్బరు గాజులు తీసి భవాని చేతికి వేసింది.

మర్నాడు ఉదయం చరణ్‌ను థియేటర్‌లోకి తీసుకెళ్లారు. బయటకు వచ్చిన డాక్టరమ్మ చేతిలో చిన్న సీసా ఉంది. అందులో ఉబ్బి నల్లబడిన సగం గింజ. "నాని ఉంది, పట్టుకుంటే విరిగిపోతోంది. సగమే వచ్చింది. లోపల చాలా వాపు ఉంది. ఇంకా లాగితే రక్తం వస్తుందని ఆపాను. వాపు తగ్గాక మళ్లీ ప్రయత్నిద్దాం. అంతవరకు వెంటిలేటర్ మీద పెడుతున్నాం" అన్నారు. ఐసీయూలో వాడి నోట్లో గొట్టం, చేతులకు కట్లు, కళ్లు మూసి ఉన్నాయి. ఛాతీ మిషన్ చెప్పినట్టు లేస్తోంది, దిగుతోంది. వాడు కాదు ఊపిరి తీస్తున్నది. అది చూడగలగడం నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ మధ్యాహ్నమే భవానిని ఐసీయూలోకి తెచ్చారు. మాట లేదు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. సిస్టర్లు పరుగెత్తుతున్నారు. గొట్టం వేసి ఆంబు బ్యాగ్‌తో చేత్తో గాలి కొట్టడం మొదలుపెట్టారు. మూలన ఇంకో వెంటిలేటర్ ఉంది. పూల దుప్పటి కప్పి ఉంది.

నేను సిస్టర్‌ను అడిగాను, అది తీయరా అని.

"సెన్సార్ పోయిందక్కా. కంపెనీ వాళ్లకు కట్టాలి, ఆ డబ్బు ఇంకా రాలేదు. ఫ్యాన్లు ఇచ్చేవాళ్లు ఉన్నారు, సెన్సార్ ఎవరిస్తారు? దాని మీద పేరు రాయడానికి చోటు కూడా ఉండదు" అని, చేతిలోని పని ఆపకుండానే చెప్పింది.

చిన్నపిల్లలకు పనికొచ్చే మిషన్ ఆ రోజు అక్కడ ఒక్కటే నడుస్తోంది. అది మా వాడి దగ్గర ఉంది.

అనంతపురం ఆసుపత్రులకు ఫోన్లు చేశారు. ఎక్కడా ఖాళీ లేదన్నారు. బెంగళూరు పంపాలని తేల్చారు. ఆసుపత్రి అంబులెన్సే సిద్ధం చేస్తున్నారు. ఆ కొంతసేపు సిస్టర్ చేయి నొప్పి పుడితే భవాని నాయన బ్యాగ్ నొక్కాడు. సిస్టర్ లెక్క చెబుతుంటే దాని ప్రకారం నొక్కుతున్నాడు. నొక్కుతూనే తల తిప్పి చరణ్ వైపు చూశాడు, తర్వాత డాక్టరమ్మను అడిగాడు.

"ఆ పిల్లోనికి పెట్టిండేది కొంచేపు మా పాపకు పెట్టేకి కాదా మేడమ్? మళ్లా ఇచ్చేస్తాం."

పక్కింటివాళ్లను నిచ్చెన అడిగినట్టు అడిగాడు. కోపం లేదు, గొడవ లేదు.

"కాదప్పా. తీస్తే ఆ బాబు ఉండడు" అన్నారామె.

"అట్లనా" అని మళ్లీ బ్యాగ్ వైపు తిరిగాడు.

నేను చరణ్ మంచం కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎవరో వచ్చి మంచంతో సహా తీసుకుపోతారన్నట్టు పట్టుకున్నాను. భవానిని స్ట్రెచర్ మీద నా ముందు నుంచే తీసుకుపోయారు. రబ్బరు గాజులు చేతికే ఉన్నాయి. నేను కడ్డీ వదలలేదు.

రెండు రోజుల తర్వాత భవాని నాయన వచ్చాడు. వార్డులో వదిలేసిన కంబళి, పాల క్యాను కోసం వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"దోవలోనే పాయమ్మా. పెనుకొండ దాటినాక." వెంటనే, "మీ వాడెట్లుండాడు?" అని అడిగాడు.

"మేలన్నా" అన్నాను.

"సాలు" అని క్యాను భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు. భవాని నాయన అనే పిలిచేవాళ్లం.

రెండోసారి బ్రాంకోస్కోపీలో మిగిలిన ముక్కలు వచ్చాయి. గొట్టం తీసిన రోజు చరణ్ గొంతు బొంగురుపోయి, ఏడ్చినా వినపడలేదు. తర్వాత మళ్లీ జ్వరం, మళ్లీ ఆక్సిజన్, ఇంకో వారం. డిశ్చార్జ్ రోజు డాక్టరమ్మ ఎక్స్-రే వెలుగుకు పెట్టి చూపించారు. "కుడి ఊపిరితిత్తిలో కింది లోబ్ పూర్తిగా తెరుచుకోలేదు. ఆలస్యమైంది కదా. కొంత భాగం ఇక పనిచేయకపోవచ్చు. జలుబు చేసిందంటే ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే తీసుకురండి." ఆ రోజు సురేంద్ర వెంట వచ్చిన హర్షిత, భవాని ఏదని అడిగింది. బెంగళూరు పోయిందని చెప్పాం. అది అబద్ధం కాదనుకున్నాం.

ఇదంతా జరిగి రెండేళ్లవుతోంది. చరణ్‌కు ఇప్పుడు నాలుగేళ్లు. రోజూ పొద్దున నా ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని వీపు మీద అరచేయి దొప్పలా చేసి తట్టాలి, కఫం కదలడానికి. కొండెక్కే ఆట ఆడితే మిగతా పిల్లల కంటే ముందే కూర్చుండిపోతాడు. చలికాలం రెండుసార్లు అడ్మిట్ చేశాం. వాడు నిద్రపోతుంటే నేను ఊపిరి వింటూ ఉంటాను. ఈ అక్షరాలు కూడా ఆ పక్కన కూర్చునే రాస్తున్నాను.

వాడు గండం గడిచినందుకు అత్తకు ఒక మొక్కు ఉండిపోయింది. ఆసుపత్రికి ఒక ఫ్యాను ఇవ్వాలి, రెక్కల మీద చరణ్ పేరు ఉండాలి. మా ఇంట్లో దాని మీద పెద్ద వాదనే జరిగింది.

"ఫ్యాను వద్దత్తా, ఆ డబ్బు మిషను రిపేరికి ఇద్దాం" అన్నాను.

"ఫ్యానైతే పేరుంటాది. రిపేరికిస్తే ఏముంటాది?"

"మిషనుంటాదిమ్మా" అన్నాడు సురేంద్ర. "బోరు లారీ ఎట్లా తిరుగుతాండాదనుకుంటివి? కొన్నోని పేరుతోనా? బేరింగులు మార్చేదానికి దుడ్లు పెడితేనే కదా."

అత్త ఒప్పుకోలేదు. తర్వాతి రివ్యూకు తనూ వచ్చింది. ఐసీయూ తలుపు అద్దంలోంచి చాలాసేపు లోపలికి చూసింది. మూలన పూల దుప్పటి అలాగే ఉంది. తిరిగి వచ్చి, చీర కొంగులో కట్టుకున్న డబ్బు విప్పి ఆఫీసు బల్ల మీద పెట్టింది. "రిపేరికే రాసుకో నాయనా. రసీదులో అన్నా మనవడి పేరు రాయి, అంతన్నా రాయకపోతే ఎట్లా" అంది. అక్కడి గుమాస్తా నవ్వి, పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు.

మాలాంటి వాళ్లు మరికొందరు ఇచ్చాక ఆ మిషన్ నడిచింది. అంతా బాగుపడిందని రాయాలని నాకూ ఉంది. కానీ పోయిన వారం రివ్యూకు వెళ్తే ఇంకో మిషన్ మీద దుప్పటి ఉంది. ఈసారి అది చరణ్‌కు ఊపిరిచ్చిన మిషన్. పాతబడింది, ఏదో వాల్వ్ మార్చాలట. అంటే ఈ రోజుకు మళ్లీ ఒక్కటే నడుస్తోంది. బయట వార్డులో కొత్త వాటర్ కూలర్ ఒకటి వచ్చింది, దానికి వేసిన పూలదండ ఇంకా వాడిపోలేదు. ఊళ్లలో విత్తనాల ఒలుపు మొదలైంది. దగ్గుతో పిల్లలు వస్తున్నారు.

ఇచ్చినవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఎండాకాలం ఆ ఫ్యాన్ల కిందే మేము బతికాం, ఆ కుర్చీల్లోనే కూర్చుని ఏడ్చాం. కానీ నాకు తెలిసిన ఒక్క విషయం మీకు చెప్పాలి. మీ బిడ్డకో, మీ వాళ్లకో ప్రాణం పోసిన చోటు ఏదైనా ఉంటే, దానికి ఇవ్వండి. ఇచ్చే ముందు అక్కడికి వెళ్లి, "ఇప్పుడు ఏది ఆగిపోయి ఉంది?" అని అడగండి. దానికి ఇవ్వండి. వాళ్లు మొహమాటపడి చెప్పకపోతే, "మరమ్మతులకు, జీతాలకు, ఆక్సిజన్‌కు, దేనికైనా వాడుకోండి" అని నోటితో చెప్పి, రసీదు మీద కూడా అదే రాయించండి. ఫలానా వస్తువుకని ఇచ్చిన డబ్బును వాళ్లు ఇంకో పనికి వాడలేరు. కొంచెమైనా పరవాలేదు, ప్రతి నెలా అయితే ఇంకా మంచిది, ఎందుకంటే మిషన్లు మన పండగలు చూసి చెడిపోవు.

రాత్రి ఇక్కడికి రాసి ఆపాను. ఈ నాలుగు మాటలు పొద్దున కలుపుతున్నాను.

హర్షితకు ఎనిమిదేళ్లు. బడికి జడ వేస్తుంటే కాగితాలు చూసి, "ఏం రాసినావమ్మా?" అంది. చరణ్ నా ఒళ్లో బోర్లా పడుకుని ఉన్నాడు. భవాని గురించి రాశానని చెప్పాను. బెంగళూరు నుంచి వచ్చిందా అని అడిగింది. రాలేదని, బెంగళూరు చేరనే లేదని, దారిలోనే చనిపోయిందని చెప్పాను. అప్పుడు నడిచే మిషన్ ఒక్కటే ఉండేదని, అది తమ్ముడికి పెట్టారని చెప్పాను.

హర్షిత నా వైపు తిరిగింది. "ఇంకోటి బాగుంటే?" అంది.

"ఇద్దరికీ పెట్టేవాళ్లు."

చరణ్ తల ఎత్తి నన్ను చూశాడు. "నాకెందుకు పెట్టినారు?"

"నువ్వు ముందు లోపలికి పోయినావు నాయనా" అన్నాను. "అంతే."